ఆదివారం పడవ

"ఆ పొయ్యి మీద గిన్నె ఎవరు పెట్టమన్నారమ్మా?"

సంపూర్ణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడే అడిగింది. ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆ గుమ్మంలో ఆగవలసిన అవసరం ఆమెకు ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

కొత్త మాస్టారి భార్య ప్రసన్నకుమారి గరిటె పట్టుకుని లేచి నిలబడింది. ఏడో నెల గర్భిణి. లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

"పొయ్యి ఖాళీగా ఉంది కదా అనండి. బడి వదిలేసరికి ఆయనకి అన్నం పెట్టాలి. మా సామానంతా ఇంకా అరుగుమీదే ఉంది. ఎప్పుడు ఖాళీ చేస్తారని మిమ్మల్ని అడగడానికి ఆయనకి మొహమాటం."

"మొహమాటం ఆయనకీ, పొయ్యి నీకూనా?"

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుంది. సంపూర్ణమ్మకు తన మీద తనకే చిరాకు వేసింది. ఈ పిల్ల చేసిన తప్పేముంది? ఇల్లు మిషనుది. బడిలో ఎవరు పంతులైతే వారు ఉండడానికి కట్టింది. క్రిస్మసు వెళ్ళిన నాలుగో రోజున ఆశీర్వాదం మాస్టారు కన్నుమూశాడు. నాలుగు నెలలు దయతలచి ఊరుకున్నారు. మొన్న గురువారం కొత్త పంతులు పెళ్ళాంతో సహా పాలకొల్లు నుంచి పడవ దిగాడు. నిండు మనిషిని అరుగుమీద ఎన్నాళ్ళు కూర్చోబెడతారు?

"కూర్చో అమ్మా. నీ అన్నం ఉడకనీ. నాదీ దాని తరవాతే పెట్టుకుంటాను" అంది సంపూర్ణమ్మ. అని, తన ఇంట్లో తను వంతు అడుగుతున్నానని గ్రహించి, మరో మాట లేకుండా సావిట్లోకి వచ్చేసింది.

సావిట్లో ఆమె స్నేహితురాళ్ళిద్దరూ సామాను కడుతున్నారు. కడుతున్నారనడం జ్ఞానమ్మ విషయంలో కొంచెం ఎక్కువ చెప్పడమే. లేసు అల్లికలో సంపూర్ణమ్మకు పదిహేనేళ్ళుగా జతగత్తె ఆవిడ. పొద్దుటినుంచి ఒక్క లేసు పెట్టె ముందే కూర్చుని, ఒక్కొక్క అల్లికా మడతపెడుతూ ఏడుస్తోంది.

"కన్నీళ్ళు పడితే దారం పసుపెక్కుతుంది జ్ఞానమ్మా. కాస్త పక్కకి తిరిగి ఏడు" అంది సంపూర్ణమ్మ.

రెండో ఆమె మరిడమ్మ. రేవు దగ్గర చేపలమ్ముతుంది. సంఘం మనిషి కాదు, ఆమె దేవుళ్ళు వేరు. అయినా ఈ ఇంటి పెరటి గుమ్మం ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తీస్తారో ఆమెకు తెలిసినంతగా సంఘంలో ఎవరికీ తెలియదు. తన చేపల బుట్టను ఇసకపెట్టి తోమి, ఎండబెట్టి తెచ్చింది. అందులో ఇత్తడి గిన్నెలు సర్దుతోంది.

"వాసనొత్తాదని అలా సూత్తారేంటండీ? మూడుసార్లు తోమాను."

"రాదులే. ధవళేశ్వరం చేరేసరికి నేనే ఆ వాసన కోసం వెతుక్కుంటాను" అంది సంపూర్ణమ్మ.

మరిడమ్మ తల వంచుకుని గిన్నెల మధ్య గడ్డి కూరడం మొదలుపెట్టింది. 

ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి నడిపే దొరసానమ్మగారు సంపూర్ణమ్మ అల్లిక చూసి, పిల్లలకు లేసు నేర్పడానికి రమ్మని కబురు చేసింది. బడిలోనే గది, రెండు పూటలా తిండి. మే నెల ఒకటో తారీకున చేరాలి, చేరకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. నలభైరెండేళ్ళ వయసులో, పిల్లలు లేని విధవరాలికి తన చేతిపనిమీద తను బతికే దారి ఒకటి దొరికింది. అది ఒక్కటే ఉంది.

పడవ మరిడమ్మ తమ్ముడు లోవరాజుది. కొబ్బరికాయలు వేసుకుని విజ్జేశ్వరం వెళుతున్నాడు. అక్కడ గోదావరి దాటితే ధవళేశ్వరం. బుధవారం రాత్రి విజ్జేశ్వరం దగ్గర కాలవకి నీళ్ళు కట్టేస్తారు. ఏటా వేసవిలో మరమ్మతులకి కట్టేదే. ఆ తరవాత జూన్ దాకా కాలవలో బురద తప్ప ఏమీ ఉండదు. ఎదురునీళ్ళకి తాడేసి లాగిస్తే రెండు రోజుల పైచిలుకు ప్రయాణం. శనివారం మధ్యాహ్నం బయలుదేరితే తీరుబడిగా చేరతారు.

మధ్యాహ్నానికి సామానంతా రేవుకి చేరింది. పందిరిమంచం విప్పి కోళ్ళు మరిడమ్మ భుజానికెత్తుకుంది. ఆవకాయ జాడీని జ్ఞానమ్మ పసిపిల్లలా చంకనెత్తుకుని నడిచింది. ఇంట్లో మిగిలింది ఒక చాప, ఒక దుప్పటి, గోడకి మేకులు.

అప్పుడు వచ్చాడు ఏసుపాదం.

ఆశీర్వాదం మాస్టారి తమ్ముడు. సంపూర్ణమ్మకు మరిది. అన్న పోయాక సంఘ పెద్ద ఆయనే. ఏసుపాదంగారు గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. పెంచవలసిన అవసరం ఆయనకి రాదు.

"సామానంతా ఎక్కించేశారే వదినగారూ!"

"ఉత్తరం తెచ్చారా?"

ఒక సంఘంలోంచి ఇంకో సంఘానికి వెళ్ళే మనిషి తమ సంఘం ఇచ్చిన యోగ్యతా ఉత్తరం పట్టుకెళ్ళాలి. అది లేనివాళ్ళని అక్కడ ప్రభు భోజనపు బల్లకి రానివ్వరు, మిషను బడిలో పనీ ఇవ్వరు. మూడు వారాల కిందట సంపూర్ణమ్మ అడిగింది. రోజూ రేపంటూ వచ్చాడు.

"రాశాను. మిషను దొరగారు సంతకం కూడా చేశారు. నా దగ్గరే భద్రంగా ఉంది."

"అయితే ఇవ్వండి. పడవ కాచుకుని ఉంది."

"సంఘం ఎదుట చదవకుండా ఎలా ఇస్తానండీ? రేపు ఆరాధన అయ్యాక చదివి మీ చేతికిస్తాను. అన్నయ్య హయాంలో అలాగే జరిగేది కదా."

"రేపు ఆదివారం."

"అవునండి."

"ఆదివారం నేను ప్రయాణం చెయ్యకూడదు."

"కూడదండి" అన్నాడు ఏసుపాదం, ఆమె బాధ తనదే అయినట్లుగా.

ఆ కట్టుబాటు ఏసుపాదం పెట్టింది కాదు. పన్నెండేళ్ళ కిందట ఆశీర్వాదం మాస్టారే పెట్టించాడు. ప్రభువు దినాన పడవ ఎక్కినా, బండి కట్టినా మూడు నెలలు సంఘంలోంచి పక్కన పెట్టాలని. ఆ రోజు ఆడవాళ్ళ వైపునుంచి మొదట లేచిన చెయ్యి సంపూర్ణమ్మది. పోయిన ఏడు ఆదివారంనాడు నరసాపురం సంతకి పడవలో వెళ్ళిందని సూరమ్మ అనే ముసలిదాన్ని పక్కన పెట్టినప్పుడు కూడా ఆమె చెయ్యి ఊరుకోలేదు.

"పోనీ, సోమవారం పొద్దున్న బయలుదేరతాను" అంది సంపూర్ణమ్మ. "లోవరాజూ, సోమవారం కదిలితే నీళ్ళు కట్టేలోగా చేరతామా?"

లోవరాజు అక్క వంక చూశాడు. మరిడమ్మ నేలచూపు చూస్తోంది.

"సోమారం అమావాస్యండి."

"మనకి అమావాస్యలేంటోయ్?" అన్నాడు ఏసుపాదం చిరునవ్వుతో.

"మీకు లేదండి. పడవ నాది."

"మంగళవారం?"

"మంగళారం కదిలితే దారిలో బురదలో కూకోవాలండి, జూన్ దాకా. నీళ్ళు కట్టేవోళ్ళు నాకోసం ఆగరు కదండీ."

సంపూర్ణమ్మ మరిదివైపు తిరిగింది.

"బండిమీద వెళ్తాను."

"సంఘంలో బండి ఉన్నది నా ఒక్కడికే వదినగారూ. ఎద్దుకి కాలు బాగులేదు." ఒక్క క్షణం ఆగి, ఇంకా మెత్తగా అన్నాడు. "ఇంత ఆరాటం ఎందుకు చెప్పండి? జూన్ దాకా మా ఇంట్లో ఉండండి. మా ఆవిడ సుబ్బాయమ్మ మంచం దిగి ఆరు నెలలయింది. పిల్లలకి వండిపెట్టే దిక్కులేదు. మీరు పరాయివాళ్ళా? మీ గదికి సున్నం కూడా వేయించాను."

"ఎప్పుడు వేయించారు?"

"పోయిన నెలలోనే."

పోయిన నెలకి సంపూర్ణమ్మకి ధవళేశ్వరం కబురే రాలేదు. ఆమె ఆ సంగతి మనసులో వేసుకుంది.

"దొరగారు ఉత్తరం మీద సంతకం ఎప్పుడు చేశారు?"

"పది రోజులవుతుందండి."

"పది రోజుల్లో ఒక ఆదివారం వచ్చింది కదా. ఆ రోజెందుకు చదవలేదు?"

ఏసుపాదం అబద్ధం ఆడడు. ఆయనలో ఉన్న భయంకరమైన గుణం అదే.

"మీరు మనసు మార్చుకుంటారనుకున్నాను" అన్నాడు.

 రేవులో లోవరాజు పడవ నిండా సంపూర్ణమ్మ సంసారం ఉంది. ఇంట్లో ఆమె పొయ్యిమీద ఇంకొకరి అన్నం దిగుతోంది. సున్నం వేసిన గది ఒకటి ఆమె కోసం తలుపు తీసుకుని ఉంది. అందులో అడుగుపెడితే ఆ తలుపు జూన్‌లో తెరుచుకోదని ఆమెకు బాగా తెలుసు. సుబ్బాయమ్మ మంచం దిగదు. పిల్లలు నలుగురు. చిన్నదానికి నాలుగేళ్ళు.

"రేపు ఆరాధనకి రండి వదినగారూ. ఉత్తరం చదువుతాను. మాట తప్పను" అని ఏసుపాదం వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి సంపూర్ణమ్మ తన ఇంటి అరుగుమీద అతిథిలా పడుకుంది. ప్రసన్నకుమారి లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచింది. రెండోసారి పిలుపులో నిజంగా ప్రేమ ఉంది. అందుకే సంపూర్ణమ్మ వెళ్ళలేకపోయింది.

*

ఆదివారం గంట కొట్టకముందే మరిడమ్మ పెరటివైపునుంచి వచ్చింది. చేతిలో బుట్ట లేదు. బుట్ట లేని మరిడమ్మ సగం మనిషిలా కనిపించింది.

"తమ్ముడు ఒప్పుకున్నాడండి. రేపు పొద్దున్నే పడవ ఇప్పేత్తాడు."

"రేపు అమావాస్య అన్నాడుగా?"

"అన్నాడండి. నేను ఒట్టేయించుకున్నాను."

"ఏమని?"

మరిడమ్మ తన తలమీద చెయ్యి పెట్టి చూపించింది. ఆ ఒట్టు ఎంతటిదో చెప్పనక్కరలేదు. ఆమె మొగుడు గంగయ్య తొమ్మిదేళ్ళ కిందట అమావాస్యనాడు వద్దంటున్నా వినకుండా సముద్రంమీదికి వెళ్ళాడు. పడవ రాలేదు, మనిషీ రాలేదు. మూడు నెలలు ఆమె రోజూ రేవులో కూర్చుంటే, పక్కన కూర్చున్నది సంపూర్ణమ్మే. ఆనాటినుంచి ఆ ఇంట అమావాస్యనాడు పడవ తాడు ముట్టుకోరు. పుట్టింట మిగిలింది ఈ తమ్ముడొక్కడే.

"నీకు భయం లేదా?"

"ఎందుకుండదండీ?" అంది మరిడమ్మ. అంతే అంది. ఆమె వేళ్ళు కొంగు చివరను మెలితిప్పుతూనే ఉన్నాయి.

సంపూర్ణమ్మ ఆ వేళ్ళకేసి చూసింది. ఆమెకు ఒక్కసారిగా సిగ్గు వేసింది. నిన్నటినుంచి తన గురించీ, మరిది గురించీ, ఉత్తరం గురించీ తప్ప ఇంకొకటి ఆలోచించలేదు. ఈ మనిషి రాత్రంతా ఏమి ఆలోచించి ఉంటుంది?

"నీ అమావాస్య నువ్వు ఉంచుకో మరిడమ్మా. నా ఆదివారం నేను తప్పుతాను."

"అమ్మో! మీ దేవుడు ఊరుకుంటాడాండీ?"

"దేవుడి సంగతి నేను చూసుకుంటాను. ఊరుకోనిది మా మరిది."

మరిడమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఆరాధన అయ్యేసరికి లోవరాజుని తాడు కట్టి సిద్ధంగా ఉండమను" అంది సంపూర్ణమ్మ.

*

ఏసుపాదం మాట తప్పలేదు. ఆరాధన ముగిశాక లేచి, గొంతు సవరించుకుని, ఉత్తరం చదివాడు.

"మన సహోదరి సంపూర్ణమ్మగారు ఇరువదిరెండు సంవత్సరములుగా ఈ సంఘములో క్రమముగా నడుచుకొని, సంఘపు కట్టుబాటులను అన్నింటిని భక్తితో గైకొని, అందరికిని మాదిరిగా ఉన్నారని ఇందుమూలముగా తెలియజేయుచున్నాము..."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో సూరమ్మ మాత్రం తుడుచుకోలేదు. సంపూర్ణమ్మ లేచి వెళ్ళి ఉత్తరం అందుకుంది. కాగితం బరువేముంటుంది? అయినా రెండు చేతులూ చాచింది.

బయటికి వచ్చి, ఇంటికి వెళ్ళి, అరుగుమీది చాపా దుప్పటీ చుట్టింది. వెనకాలే వచ్చిన జ్ఞానమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుని నిలబడింది.

"ఇవాళ వద్దు సంపూర్ణమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఆయన నన్ను కూడా పక్కన పెట్టిస్తాడు."

"నిన్ను మొయ్యమన్నానా?"

సంపూర్ణమ్మ చుట్ట భుజానికెత్తుకుని నడిచింది. పది అడుగులు వేశాక రెండో పక్కనుంచి బరువు తగ్గింది. జ్ఞానమ్మ చుట్ట చివర పట్టుకుని ఉంది.

"రేవు దాకా వస్తాను. తోడు రావడం పని కిందకి రాదు" అంది జ్ఞానమ్మ, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్లు.

రేవుకి వాళ్ళు చేరేసరికి సంఘం సంఘమంతా వెనకాల ఉంది. ఏసుపాదం పరుగెత్తలేదు. నడిచే వచ్చాడు. చుట్ట పడవలోకి దింపి సంపూర్ణమ్మ ఒక కాలు పడవ అంచుమీద పెట్టింది.

"వదినగారూ."

ఆమె వెనక్కి తిరిగింది.

"ఇవాళ ఆదివారం."

"తెలుసు."

"అయితే ఆ ఉత్తరం ఇటివ్వండి." ఆయన చెయ్యి చాచాడు. గొంతులో కోపం లేదు. "నేను సంఘం ఎదుట చదివింది కట్టుబాట్లు గైకొన్న మనిషి గురించి. పడవెక్కే మనిషి గురించి కాదు. మీరు అది పట్టుకెళితే నేను రాసింది అబద్ధమవుతుంది."

"ఇవ్వకపోతే?"

"మీరు ఇవ్వకుండా వెళ్ళరని నాకు తెలుసు."

అది నిజం. సంపూర్ణమ్మ బొడ్డులో దోపిన కాగితాన్ని తడుముకుంది. అది ఉంటే ధవళేశ్వరంలో తలుపు తెరుచుకుంటుంది. అది లేకపోతే తను ఎవరో చెప్పడానికి ఆ ఊళ్ళో ఎవరూ లేరు. దాచుకుని పోతే ఎవరు ఆపగలరు? ఎవరూ ఆపలేరు. కానీ సూరమ్మ గుంపులో నిలబడి చూస్తోంది. ముసలిదాన్ని మూడు నెలలు బల్ల దగ్గరికి రానివ్వకుండా చేసిన చెయ్యి ఇదే. తనకి మాత్రం వేరే లెక్క ఎలా ఉంటుంది?

ఉత్తరం తీసి మరిది చేతిలో పెట్టింది.

"ఉంచుకోండి. ఇందులో ఉన్నావిడ మీ ఇంటికి వస్తే వంట చేయించుకోండి."

గుంపులో ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ఏసుపాదం ముఖం మొదటిసారి ఎర్రబడింది. కానీ గొంతు అదే గొంతు.

"రేపు పొద్దుటి తపాలాలో దొరసానమ్మగారికి రాస్తాను వదినగారూ. జరిగింది జరిగినట్లే రాస్తాను. రాయకపోతే తప్పు నాదవుతుంది. వద్దనుకుంటే ఇప్పుడైనా దిగండి. మీ గది అలాగే ఉంటుంది."

 మరిడమ్మ నీళ్ళలోకి మోకాలిదాకా దిగి వచ్చి, ఆమె రెండు పాదాలూ పట్టుకుని, వదిలేసింది. జ్ఞానమ్మ ఏడుస్తూ గట్టుమీదే నిలబడిపోయింది. లోవరాజు తాడు విప్పాడు. గట్టుమీద పడవ లాగే బుల్లియ్యా, ఇంకో మనిషీ తాడు భుజాలకి వేసుకుని ముందుకి వంగారు. పడవ కదిలింది.

మూటల మధ్య కూర్చోవడానికి ఒక్క మనిషికి మాత్రమే చోటుంది. సంపూర్ణమ్మ అందులో ముడుచుకుని కూర్చుంది. ఎటు చూసినా తన సామానే ఎదురుగా ఉంది, తన ఇల్లు మాత్రం లేదు. ఏసుపాదం ఉత్తరం ముందు చేరితే దొరసానమ్మగారు గేటు దగ్గరే పంపించేస్తుంది. తను ముందు చేరితే, జరిగింది తన నోటితో చెప్పుకోవచ్చు. ఆవిడ వినవచ్చు, వినకపోవచ్చు. వినకపోతే వెనక్కి రావడానికి కాలవలో నీళ్ళు కూడా ఉండవు.

"లోవరాజూ, తపాలా ధవళేశ్వరానికి ఎన్ని రోజుల్లో చేరుతుంది?"

"రెండు రోజులండి."

"మనం?"

లోవరాజు చుక్కాని కాస్త గట్టువైపు తిప్పాడు.

"రెండున్నర అవుద్దండి, ఎదురునీళ్ళు కదా. తపాలా రేపు బయల్దేరుద్ది, మనం ఇయ్యాల. ఒక్క పూట ముందుంటామంతే. దారిలో లాకుల దగ్గర ఆగితే అదీ పోద్ది. తపాలా మనిషి పరిగెడతాడండి. మనోళ్ళు నడుత్తారు."

"మూడో మనిషి ఉంటే?"

"ఇంకాస్త ఊపొత్తాదండి. ఎక్కడ దొరుకుతాడు?"

పడవ గట్టుకి ఆనుకుని పోతోంది. వెనక రేవులో జనం ఇంకా కనిపిస్తూనే ఉన్నారు, ఏసుపాదం తెల్ల తలపాగాతో సహా. సంపూర్ణమ్మ లేచి నిలబడి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, అందిన గడ్డి పట్టుకుని గట్టెక్కింది. బుల్లియ్య నోరు తెరుచుకుని చూశాడు.

"ఏంటండీ పంతులమ్మగోరూ?"

"కాస్త జరుగు నాయనా" అని ఆమె తాడు తీసి తన భుజానికి వేసుకుంది.